బంతి మీద పేరుకు 20 మిల్లీమీటర్లే

క్రికెట్ బంతిని లేజర్ కింద కదలకుండా పెట్టి పేరు చెక్కమంటే, అక్షరాలు ఎక్కడా మసకబారకుండా పట్టే చోటు దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే రెండు సెంటీమీటర్లు. వల్లూరులో సంక్రాంతికి టోర్నమెంటు పెట్టి, గెలిచిన జట్టుకు కప్పుతో పాటు ఒక బంతి కూడా ఇద్దామని, దాని మీద జట్టు పేరు, ఊరి పేరు, సంవత్సరం, దాత పేరు, దాత నాన్నగారి పేరు అన్నీ చెక్కిద్దామని అనుకునే పిల్లోళ్లకు ఈ లెక్క ముందే తెలిస్తే మంచిది. దాతకు ముందే చెప్పి పెట్టుకుంటే ఇంకా మంచిది.

లేజర్ చెక్కుడు కడప జిల్లాకు కొత్తేమీ కాదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో హాల్‌మార్క్ నగను తిప్పి చూస్తే లోపలి వైపు మూడు గుర్తులు కనిపిస్తాయి: బీఐఎస్ ముద్ర, 22 క్యారెట్లయితే 916 అనే స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ. ఈ ఆరు అక్షరాంకెల పద్ధతి 2021 జూలై 1న మొదలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. 26 ఇంగ్లీషు అక్షరాలు, 10 అంకెలు అన్నీ వాడితే ఆరు గళ్లలో 217 కోట్ల 67 లక్షల 82 వేల 336 వేర్వేరు సంఖ్యలు పడతాయి. దేశమంతటి నగలకు ఒకటి ఒకసారే రావాలంటే అన్ని కావాల్సిందే. ఒక్కో బంగారు నగకు హాల్‌మార్కింగ్ రుసుము 2022లో 35 రూపాయల నుంచి 45కు పెరిగింది, జీఎస్టీ అదనం.

అయితే నగల మీద రాసే యంత్రం దగ్గరికి బంతి పట్టుకుపోతే పని సరిగా జరగదు. అక్కడ వాడేది ఎక్కువగా ఫైబర్ లేజర్, దాని తరంగదైర్ఘ్యం 1.064 మైక్రోమీటర్లు. బంగారం తన మీద పడిన ఆ వెలుగులో చాలాభాగం వెనక్కి కొట్టేస్తుంది. అందుకే ఫైబర్ లేజర్ వెలుగును ఒక్క తీరుగా కాకుండా దెబ్బలు దెబ్బలుగా వదులుతుంది. సగటున 20 వాట్ల యంత్రం సెకనుకు 20 వేల దెబ్బలు కొడితే ఒక్కో దెబ్బలో ఉండేది 1 మిల్లీజౌలే. కానీ అది 100 నానోసెకన్లలో పడిపోతుంది కాబట్టి ఆ క్షణంలో దాని బలం 10 వేల వాట్లు. లోహానికి అలా కొట్టాలి. తోలుకూ రబ్బరుకూ అంత అవసరం లేదు, పైగా ఆ తరంగదైర్ఘ్యాన్ని అవి అంత బాగా పట్టుకోవు. వాటికి సరిపోయేది కార్బన్ డయాక్సైడ్ లేజర్, 10.6 మైక్రోమీటర్లు. దాన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసినవాడు సి. కుమార్ పటేల్, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. చెక్క, తోలు, అక్రిలిక్ మీద పని చేసే అంగళ్లలో కనిపించేది ఎక్కువగా ఈ రకమే.

ఇక 20 మిల్లీమీటర్ల సంగతి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని లెన్సుతో 0.1 మిల్లీమీటరు చుక్కగా కూర్చారనుకుందాం. ఆ చుక్క పైకి 0.74, కిందికి 0.74 మిల్లీమీటర్ల దాకా పదునుగా ఉంటుంది. ఆ హద్దు దగ్గర చుక్క వెడల్పు 1.4 రెట్లయి, వేడి సగానికి సగం పలుచనవుతుంది. అంటే మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతులోనే పని జరగాలి. బల్లపరుపు చెక్క మీద ఇది సమస్యే కాదు. బంతి గుండ్రన కదా, నడిమధ్య నుంచి పక్కకు జరిగేకొద్దీ ఉపరితలం కిందికి జారిపోతుంటుంది. పురుషుల క్రికెట్ బంతి చుట్టుకొలత నిబంధన ప్రకారం 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు, వ్యాసార్ధం సుమారు 36 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల వెడల్పులో అంచు జారేది 1.4 మిల్లీమీటర్లు, సరిగ్గా హద్దులోనే. వెడల్పు 30 చేస్తే జారుడు 3.3 అవుతుంది, 40 చేస్తే 6.1. వెడల్పు రెట్టింపైతే జారుడు నాలుగు రెట్లకు పైగా పెరుగుతోంది. మధ్యలో అక్షరం నల్లగా, అంచుల్లో పలచగా పొగచూరినట్టు వచ్చే బంతులన్నీ ఈ లెక్క చూడకుండా చెక్కినవే.

ఇదే లెక్క ఫుట్‌బాల్‌కు వేస్తే (చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు) 36 మిల్లీమీటర్ల వెడల్పు దాకా పోవచ్చు. 42.67 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే గోల్ఫ్ బంతి మీద 15 దాటితే కష్టం, ఆ మీద గుంటలొకటి. యంత్రం బలం 40 వాట్లా 60 వాట్లా అని అడుగుతుంటారు గానీ, ఈ పనిలో అది రెండో ప్రశ్న. బంతిని తిప్పే రోటరీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. రోటరీ మీద బంతి తిరుగుతుంటే కిరణం ఎప్పుడూ నడినెత్తిన పడుతుంది కాబట్టి, వరుస ఎంత పొడవైనా బంతి చుట్టూ రాసుకుంటూ పోవచ్చు. ఎత్తు మాత్రం ఆ 20 మిల్లీమీటర్లే.

ఆ ఎత్తు దగ్గరే తెలుగుకు ఇబ్బంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే అంతస్తులో కూర్చుంటాయి. మనకు తలకట్టూ గుడీ పైన, అక్షరం నడుమ, ఒత్తు కింద. ‘జమ్మలమడుగు’ రాయాలంటే మకారం ఒత్తుకు కింద చోటు వదలాలి. ‘ప్రొద్దుటూరు’లో ఒకే పేరులో రెండు ఒత్తులు. రెండు వరుసలు పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. గీత కనీసం మూడు నాలుగు చుక్కల మందం, అంటే 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటేనే తోలు మీద నిలుస్తుంది. అందుకే సన్నని అలంకార ఫాంట్ల జోలికి పోకపోవడం మేలు. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం చెక్కినవాడికి ఎంత పెద్ద రాయి కావాలంటే అంత దొరికింది. మనకు దొరికింది బంతి.

వేడి ఎంత? 20 మిల్లీమీటర్ల చదరాన్ని 0.1 మిల్లీమీటరు ఎడంతో గీస్తే 200 గీతలు, మొత్తం 4 మీటర్ల ప్రయాణం. సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో 40 సెకన్లు. అక్షరం ఉన్నచోటే కిరణం వెలుగుతుంది, అది మూడోవంతు అనుకుంటే 10 వాట్ల బలంతో బంతి మీద పడేది సుమారు 133 జౌళ్లు. ఒక్క నీటిచుక్కను ఆవిరి చేయడానికి పట్టేంత వేడి. తోలు 0.1 మిల్లీమీటరు లోతు కాలిపోయినా పోయే బరువు 0.013 గ్రాములకు అటూ ఇటూ. క్రికెట్ బంతికి నిబంధన ఇచ్చిన వెసులుబాటు 155.9 నుంచి 163 గ్రాములు, అంటే 7.1 గ్రాములు. పోయినదానికి ఐదు వందల రెట్లకు పైనే.

బరువు మారలేదు కదా, ఆడేద్దాం అనుకుంటే కుదరదు. ఆటకు బంతిని అంపైర్లు ముందే చూసి ఒప్పుకోవాలి. ఆటలో ఉన్న బంతి రూపాన్ని అన్యాయంగా మారిస్తే ఎంసీసీ 41వ నిబంధన ప్రకారం ఎదుటి జట్టుకు 5 పరుగులు. దీనికి కారణముంది. బంతి స్వింగ్ కావడానికి ఒక ఆధారం ఒక పక్క నునుపుగా, ఒక పక్క గరుకుగా ఉండడం. కుట్టు పక్కన రెండు సెంటీమీటర్ల గరుకు మచ్చ పెట్టి బౌలర్ చేతికిస్తే బ్యాటర్‌కు అన్యాయమే. ఫుట్‌బాల్‌లో అధికారిక పోటీల బంతి మీద పోటీ గుర్తు, నిర్వాహకుల గుర్తు, తయారీదారు గుర్తు తప్ప వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు. గోల్ఫ్ తమాషా: ఎవరి బంతి వాళ్లు గుర్తుపట్టేలా గుర్తు పెట్టుకోమని నియమమే చెబుతుంది, కానీ గీకి గానీ వేడిచేసి గానీ బంతి నడకను కావాలని మార్చకూడదంటుంది. పెన్ను సరే, లేజర్ దగ్గర చిక్కు. కాబట్టి చెక్కిన బంతి అద్దాల బీరువాకే.

బీరువాకే అయినా ఏ బంతినిబడితే ఆ బంతిని యంత్రం కింద పెట్టకూడదు. చవక ఫుట్‌బాళ్లు, వాలీబాళ్లు చాలావాటికి పైపొర పీవీసీ. పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్. కిరణం తగలగానే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గొంతు మండిస్తుంది, తేమ తగిలితే ఆమ్లమై యంత్రంలోని ఇనుమును, లెన్సును తినేస్తుంది. దీనికి ఫ్యాన్ పెట్టుకుంటే చాలనుకోవడం పొరపాటు, చెయ్యనని చెప్పడమే సరైన జవాబు. బంతి మీద పీయూ (పాలీయూరిథేన్) అని ఉంటే చేయవచ్చు, పొగ బయటికి పోయే దారి ఉండాలి, గాలి కొంత తీసి ఒత్తిడి తగ్గించాలి. పాత టేబుల్ టెన్నిస్ బంతులు సెల్యులాయిడ్‌వి, గోడ మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ, భగ్గున అంటుకునే పదార్థం. 2014 తర్వాత పోటీల్లో వేరే ప్లాస్టిక్ బంతులొచ్చాయి గానీ ఇళ్లలో పాతవి ఇంకా దొర్లుతూనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. మన వీధి క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి మీద గీత అంచులు బొచ్చులో కలిసిపోతాయి, లావు అక్షరాలే పెట్టాలి. తోలు బంతుల్లో తెల్లది మేలు. కాలిన గోధుమరంగు తెలుపు మీద కనిపించినట్టు ఎరుపు మీద కనిపించదు. ఎర్రబంతి మీద చెక్కిన గాడిలో బంగారు రంగు నింపాల్సి వస్తుంది.

జ్ఞాపకంగా దాచుకునే బంతి అంటే ఈ జిల్లాలో ఇప్పుడు ఎవరికైనా క్రికెటర్ శ్రీచరణి గుర్తొస్తుంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె అమ్మాయి. 2025 మహిళల ప్రపంచ కప్‌లో 9 మ్యాచుల్లో 14 వికెట్లు తీసింది. నవంబర్ 2న నవీ ముంబైలో భారత్ దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. మహిళల క్రికెట్ బంతి 140 నుంచి 151 గ్రాములు, చుట్టుకొలత 21 నుంచి 22.5 సెంటీమీటర్లు. చిన్న బంతి అయినా చెక్కే చోటు లెక్కలో తగ్గేది మిల్లీమీటరు కూడా లేదు. అయితే వికెట్లు తీసిన అసలు బంతి ఎవరి దగ్గరున్నా దాని మీద లేజర్ పెట్టవద్దనే నా మాట. పిచ్ మీద పడిన గాట్లు, రుద్దిన మెరుపు, కుట్టులో ఇరుక్కున్న మట్టి, ఆ బంతికి రాత అదే. దాన్ని నిలబెట్టే చెక్క పీట మీద తేదీ, స్కోరు, పేర్లు ఎన్నయినా చెక్కించుకోవచ్చు, అది బల్లపరుపు. కొత్త బంతి కొని బహుమతిగా ఇచ్చేటప్పుడే బంతి మీద చెక్కుడు.

ఖర్చులో కరెంటుది ఏమీ లేదు. యంత్రం 500 వాట్లు లాగుతుందనుకున్నా 5 నిమిషాలకు 0.04 యూనిట్. డబ్బు పోయేది బంతిని సరిగ్గా నిలబెట్టే పనితనానికి, చెడిపోయే బంతులకు. ఒకే కంపెనీ బంతులైనా పైపూత మారితే కాలే రంగు మారుతుంది. అంగడికి పోయేటప్పుడు ఒకే రకం బంతులు రెండు తీసుకుపోండి, మొదటిది తొలి పరీక్షకు.