ఎరువు తెచ్చిన వల

ఊరగాయజాడిలో తడిగరిటె పెట్టరాదని మన యిండ్లలో పదేండ్ల పిల్లకును తెలియును. పాలకుండలో మజ్జిగచుక్క పడినచో తెల్లవారునప్పటికి కుండెడు పాలును తోడుకొనునని యెరుగని గృహిణి లేదు. కంటికి కనబడనిది కొంచెమే యైనను, తగిన తావు దొరకినచో విస్తరించునన్న సంగతి వంటయింటిలో మనకు నిత్యానుభవము. కాని చేపలతొట్టి దగ్గరకు వచ్చునప్పటికి ఈ యెరుక మనకు గుర్తు రాదు. అది గుర్తు రాకపోవుటచేతనే మేమొక యేడు మూడిండ్ల చేపలకు చేటు తెచ్చితిమి. అట్టి నష్టము సోదరీమణులకు కలుగకుండుటకై జరిగినది చెప్పి, ఆ తరువాత మేము నేర్చుకొన్న జాగ్రత్తలను వివరింతుము.

మాది ప్రొద్దుటూరు. మా యూరి దసరా యుత్సవములు చూచుటకు ఏటేట చుట్టములు వత్తురు. ఆ యేడు పండుగకు ముందు పిల్లల ముచ్చట తీర్చుటకై నాలుగు క్రొత్త బంగారుచేపలను కొని తెచ్చి, వెంటనే పాతవానితో కలిపి తొట్టిలో విడిచితిమి. జమ్మలమడుగునుండి వచ్చిన మా చెల్లెలు, తన తొట్టికి పాచి పట్టినదనియు, కడుగుటకు తగిన పనిముట్లు లేవనియు చెప్పినది. విజయదశమి మరునాటి ఉదయము మా తొట్టిని కడిగి, ఆ చేతివలను, నీళ్లు లాగు గొట్టమును, పాచి తుడుచు స్పంజిని తడియారకముందే ప్లాస్టికు సంచిలో చుట్టి ఆమె చేతికిచ్చితిమి. ఆమె ఆ సాయంకాలమే వానితో తన తొట్టిని శుభ్రపరచినది. వారము గడచినపిమ్మట పులివెందులనుండి మా చిన్నమ్మ కుమారుడు పనిమీద జమ్మలమడుగు వచ్చి, మా చెల్లెలు మరల ఉపయోగించిన ఆ సంచినే తన యింటికి గొనిపోయెను.

ఈలోగా మా చేపల రెక్కలమీద ఉప్పు చల్లినట్లు తెల్లని పొక్కులు లేచినవి. అవి అడుగునగల గులకరాళ్లకు ఒడలు ఒరసికొనుచు, మేత ముట్టక, నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. కొన్ని దినములకు జమ్మలమడుగులోను, ఆ తరువాత పులివెందులలోను అదే కథ నడచినది. చిన్నమ్మ మనుమరాలు పేరు పెట్టి పిలుచుకొను చేప చచ్చిన నాడు ఆ బిడ్డ అన్నము తినలేదట. మేము చేపల నమ్మినవారిని నిందించితిమి. మా చెల్లెలు కుళాయినీటిని నిందించినది. చిన్నమ్మ మాత్రము, "మీ యింటి సంచి వచ్చినాకే గదమ్మా, యిట్లయింది" అన్నది. ఆ మాట మొదట మాకు కష్టముగా తోచినది. ఆలోచింపగా అదియే నిజము. మూడూళ్ల నీరు వేరు, మేత వేరు, చేపలు వేరు. మూడిండ్లను చుట్టివచ్చినది ఆ సంచి యొక్కటియే.

ఈ తెల్లపొక్కుల తెగులునకు కారణము ఒంటికణపు సూక్ష్మజీవి. 1876లో ఫూకే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి పెట్టిన పేరు ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్. అనగా అనేక సంతానముగల చేపపేను. ఇది నిజముగా పేను కాదు గాని, సంతానము మాట మాత్రము అక్షరాల నిజము. చేప చర్మము క్రింద తిని బలిసిన జీవి బయటకు రాలి, తొట్టి యడుగుననో, వలదారముననో, గొట్టపు గోడననో అంటుకొని, పొర కప్పుకొని, లోలోన విభజనము చెంది వందలకొలది పిల్లలగును. ఒక్కొక్కప్పుడు ఆ సంఖ్య వేయి వరకు పోవును. ఆ పిల్లలు ఈదుచు రెండు దినములలోపల చేపను చేరవలెను; చేరకున్న చచ్చును. 25 డిగ్రీల ప్రాంతపు వెచ్చనినీటిలో ఈ చక్రమంతయు వారములోపలనే తిరిగివచ్చును. చేప చర్మము క్రిందనున్న జీవిని మందు అంటదు. నీటిలో ఈదునప్పుడే అంటును. కావుననే చికిత్స దినములకొలది సాగును. ఈ జీవికి తడియే ప్రాణము, ఆరుటయే మృత్యువు. మేము తడివలను సంచిలో చుట్టి యిచ్చుటయనగా, దాని ప్రాణమును కాపాడి పొరుగూరికి సాగనంపుటయే.

మేము చేసిన పొరపాటు సామాన్యమైనది కాదని మన కోస్తావారి యనుభవము చెప్పుచున్నది. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల వైరసు ఆంధ్రతీరపు రొయ్యలచెరువులను ధ్వంసము చేసినది. పేరు కొంత కలిసినను అది వేరు జబ్బు. బంగారుచేపల తెగులు కాదు. అయినను పాఠ మొక్కటే. 2009లో వనామి రొయ్యల పెంపకమునకు మనదేశమున అనుమతి యిచ్చినప్పుడు, ప్రతి చెరువునకును వేరువేరు పనిముట్లు ఉండవలెనని నిబంధన విధించిరి. ఎకరములకొలది చెరువులకు అవసరమైన నియమము చావడిలోని గాజుతొట్టికి అక్కరలేదని యెట్లనగలము?

ఇక మన మాచరింపవలసిన పద్ధతులు. ఏ తొట్టి వల ఆ తొట్టికే యుండుట అన్నింటికంటె మేలు. ఒక యింటిలో రెండు తొట్లున్నచో, ఒకదాని పనిముట్లకు ఎఱ్ఱదారమును, రెండవదానివానికి పచ్చదారమును కట్టినచో పనిమనిషియైనను, పిల్లలైనను పొరబడరు. ఉన్నది ఒక్క వలయే యైనచో ఆరోగ్యముగల తొట్టిని మొదటను, జబ్బుతొట్టిని కడపటను కడుగవలెను. క్రొత్తచేపలను నాలుగు వారములు వేరు పాత్రలో వేరు వలతో పెంచి, పిమ్మటనే పాతవానితో కలుపవలెను.

పనిముట్లు ఇరుగుపొరుగులకు ఇయ్యక తప్పనిచో, ముందు మురికిని నీటితో కడిగివేయవలెను. మురికి యున్నచో మందు బలము తగ్గును. పిమ్మట 5 శాతము సోడియం హైపోక్లోరైటు గల తెలుపుమందు ఒక పాలు, నీరు 19 పాళ్లు కలిపి, అందు 15 నిమిషములు నానవేసి, వాసన పోవువరకు మంచినీట పలుమారులు జాడించి, ఎండలో ఎముకవలె ఆరనీయవలెను. ఆ మందు చుక్కయైనను మిగిలినచో చేపలకు విషము. దానిని మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు; ఊపిరికి అపాయకరమగు వాయువు పుట్టును. సబ్బుతో కడుగుట చేపలకు మంచిది కాదు. గొట్టమును నిలువుగా వ్రేలాడదీయవలెను. దాని లోపలి తడి ఆలస్యముగా ఆరును. మన కడపజిల్లా యెండ సంగతి చెప్పనక్కరలేదు. వేసవిలో అదియే మనకు ఉచితమగు మందు. ఆశ్వయుజ కార్తీకములలో ముసురు పట్టినప్పుడు మాత్రము బట్టలే ఆరవు, వల యెట్లు ఆరును? అట్టి దినములలో ఎరువు ఇయ్యకుండుటయే మర్యాద.

వడపోతయంత్రములోని స్పంజి సంగతి వేరు. నీటిలోని మలినమును హరించు మేలుచేయు సూక్ష్మజీవులు దానిలో కాపురముండును. దానిని తెలుపుమందులో ముంచినను, ఎండబెట్టినను అవి నశించి నీరు చెడును. కావున ఆ తొట్టినుండి తీసిన నీటిలోనే పిండి మరల పెట్టవలెను; ఇతరుల కెన్నడును ఇయ్యరాదు. జబ్బుపడిన తొట్టిని తుడిచిన స్పంజిని పారవేయుటయే లాభము.

మన చేతుల మాటయు చెప్పక తీరదు. 1926లో ఫిలడెల్ఫియా నగరపు మత్స్యప్రదర్శనశాలలో చచ్చిన చేపలనుండి ఆరన్సన్ అను శాస్త్రజ్ఞుడు మైకోబాక్టీరియం మెరైనం అను సూక్ష్మజీవిని కనుగొనెను. ఇది క్షయరోగకారికి దాయాది. కూరలు తరుగునప్పుడు తెగిన వ్రేలితో తొట్టిలో చేయి పెట్టినచో, కొన్ని వారములకు అచ్చట మానని పుండుగా లేవవచ్చును. ఇది మనిషినుండి మనిషికి అంటదు. నెలలకొలది మందులు వాడినచో నయమగును. అయితే ఇంట చేపలతొట్టి యున్నదని వైద్యునితో చెప్పనిచో రోగనిర్ణయము ఆలస్యమగును. దీనికి తెలుపుమందు అంతగా పనిచేయదు గనుక, అనుమానమున్నచో వలను పారవేయుటయే యుక్తము. గాయమున్నవారు రబ్బరు తొడుగులు ధరింపవలెను. గొట్టమును నోటితో పీల్చి నీరు దించు అలవాటును మానవలెను. పని ముగియగానే మోచేతులవరకు సబ్బుతో కడుగుకొనవలెను.

ఎరువుసొమ్ము బరువుచేటని పెద్దలనుట ఎరువు తెచ్చుకొన్నవారికి బుద్ధి చెప్పుటకే. ఇచ్చినవారికిని అందు పాలు కలదని ఆ దసరా మాకు నేర్పినది. ఇప్పుడు జమ్మలమడుగులో ఒక వల, పులివెందులలో ఒక వల, మాయింట ఒక వల వేరువేరుగా ఉన్నవి. అవి మేమే కొని పంపితిమి. చిన్నమ్మ మనుమరాలు తన వలకు నీలిదారము కట్టుకొని, అడిగినవారికెల్ల, "ఇది మా చేపలది, ఇయ్యను" అని చెప్పుచున్నదట. అది పిసినితనము కాదని మేము ఆ బిడ్డను మెచ్చుకొంటిమి.