తడి పాదాలకు తగిన నేల

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం మా మందిరంలో పదకొండు మంది బాప్తిస్మం పొందారు. వారిలో అరవై ఎనిమిదేళ్ల తల్లి ఒకరున్నారు. ఆ దినం కోసం ఆమె చాలా సంవత్సరాలు కనిపెట్టింది. పాస్టరు గారి చెయ్యి పట్టుకొని తొట్టిలోకి దిగింది, కన్నీళ్లతో నవ్వుతూ పైకి వచ్చింది. సంఘమంతా పాట పాడుతూనే ఉంది. ఆమె తడిబట్టలతో పక్కనున్న బట్టలు మార్చుకొనే గదిలో అడుగుపెట్టింది. రెండో అడుగుకే కాలు జారింది. ఆ శబ్దానికి పాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆ గదిలో పరచినవి నిగనిగలాడే తెల్లని టైల్స్. వాటిని ఎంచినవాళ్లం కమిటీలో ఉన్న మేమే. దుకాణంలో దీపాల వెలుగులో అవి అద్దంలా మెరిశాయి. దేవుని మందిరానికి శ్రేష్ఠమైనదే వేయాలని అనుకున్నాం. ధర అడిగాం, రంగు చూశాం, గోడకు నప్పుతుందో లేదో చర్చించుకున్నాం. వాటి మీద నీళ్లు పడితే ఎలా ఉంటుందని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఆ తర్వాత చేశాం. ఇద్దరం చెరో రెక్క పట్టి ఆమెను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాం. నొప్పి ఉందంటే తుంటికి నూనె రాయించాం. మరునాడు గాని ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. తుంటి ఎముక విరిగిందని డాక్టరు గారు చెప్పినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ప్రియ పాఠకులారా, ఈ సంగతి రాయడం మాకు సులభం కాదు. అయినా మరొక సంఘం, మరొక ఇల్లు అదే పొరపాటు చేయకూడదని రాస్తున్నాం.

ఏటి ఇసుక నుండి టైల్స్ వరకు

మన పెద్దలు ఏటిలో, చెరువులో బాప్తిస్మం పొందారు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి కాలపు ఆ సంగతి మన సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటి ఇసుక మీద తడి పాదం దిగబడుతుంది గాని సులభంగా జారదు. ఇప్పుడు చాలా మందిరాల్లో తొట్టి కట్టుకున్నాం. పక్కన బట్టలు మార్చుకొనే గదులు కట్టుకున్నాం. ఇది మంచిదే, ముఖ్యంగా స్త్రీలకు మరుగు దొరికింది. అయితే ఇసుక చేసిన పని ఇప్పుడు ఆ గది నేల చేయాలి.

తడి నేల ఎందుకు జారుతుంది? నునుపైన పలకకూ అరికాలికీ మధ్య సన్నని నీటి పొర నిలుస్తుంది. పాదం పలకను అంటక ఆ పొర మీద తేలుతుంది. సబ్బు కలిస్తే ఇంకా జారుతుంది. నేలకు గరుకుదనం ఉంటే దాని సన్నని మొనలు నీటి పొరను చీల్చి పాదాన్ని పట్టుకుంటాయి. అందుకే పొడిగా ఉన్నప్పుడు బాగానే పట్టిన టైలు తడిసిన క్షణంలో మోసం చేస్తుంది.

ఈత కొలనుల వారి అనుభవం

ఈ చిక్కు మనకన్నా ముందు ఈత కొలనులు కట్టేవారికి ఎదురైంది. అక్కడ పిల్లలు, వృద్ధులు తడి కాళ్లతో, చెప్పులు లేకుండా రోజంతా తిరుగుతారు. జర్మనీలో దీనికొక పరీక్ష ఏర్పరచారు. టైల్స్ పరచిన బల్ల మీద సబ్బు నీళ్లు పారిస్తారు. దాని మీద ఒక మనిషి వట్టి కాళ్లతో నడుస్తూ ఉండగా బల్లను కొంచెం కొంచెంగా వాలుస్తారు. ఎంత వాలుకు కాలు జారుతుందో చూస్తారు. ఆ మనిషి పడిపోకుండా నడుముకు తాడు కట్టి ఉంటుంది.

12 డిగ్రీల వాలు వరకు నిలిస్తే ఏ తరగతి, 18 వరకు నిలిస్తే బి తరగతి, 24 వరకు నిలిస్తే సి తరగతి. ఎక్కువగా పొడిగా ఉండే బట్టలు మార్చుకొనే గదులకు ఏ తరగతి చాలంటారు. స్నానం చేసేచోటికి, కొలను గట్టుకు బి తరగతి కావాలి. నీటిలోకి దిగే మెట్లకు సి తరగతి కావాలి. వట్టి కాళ్లతో చేసే ఈ పరీక్ష 2021లో ఐరోపా దేశాల ఉమ్మడి ప్రమాణంలో కూడా చేరింది.

మన తొట్టి పక్క గది సంగతి చూడండి. బాప్తిస్మం పొందినవారు నీళ్లు కారుతున్న బట్టలతో నేరుగా అందులోకి వస్తారు. పదిమంది వచ్చేసరికి నేలంతా నీళ్లే. కనుక దాన్ని పొడి గదిగా ఎంచకూడదు, స్నానాల గదిగానే ఎంచాలి. అంటే బి తరగతి నేల వేయాలి. తొట్టి మెట్లకు అంతకన్నా గట్టి పట్టు ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దుకాణంలో టైలు పెట్టె మీద ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని ఉండవచ్చు. అది బూట్లు తొడిగి, నూనె పోసి చేసిన పరీక్ష ఫలితం. వట్టి కాళ్ల పరీక్ష వేరు. ఆర్ 9 అన్నది ఆ వరుసలో అన్నిటికన్నా తక్కువ మెట్టు. ఆ అంకె చూసి తడి గదికి సరిపోతుందని అనుకోకండి.

మనకు దొరికే నేలలు

నాపరాళ్లు: తాండూరు, బేతంచెర్ల, షాబాదు బండలు మన పల్లెలకు పాత చుట్టాలే. సానపట్టని బండకు సహజమైన గరుకు ఉంటుంది, తడి గదికి అది నయం. అదే బండకు మెరుగు పెట్టిస్తే ఆ మేలు పోతుంది. ఇది సున్నపురాయి జాతి గనుక దాని మీద యాసిడ్ పోస్తే రాయి తినేస్తుంది.

సిమెంటు గచ్చు: అన్నిటికన్నా చవక. అయితే మేస్త్రి సిమెంటు పాలు పోసి తాపీతో అద్దంలా రుద్దితే తడిలో ప్రమాదమే. గచ్చు పచ్చిగా ఉండగానే గట్టి చీపురుతో, మనం నడిచే దారికి అడ్డంగా, సన్నని గీతలు గీయించండి. బీద సంఘానికైనా ఇది అందుబాటులో ఉన్న పద్ధతి.

గ్రానైటు: మెరుగు పెట్టినది తడి చోట వేయవద్దు. ఇప్పటికే వేసి ఉంటే అడుగుపెట్టే చోట్ల ఉలితో గాట్లు కొట్టించవచ్చు.

టైల్స్: మెరుపు లేనివి, చేతితో తడిమితే సన్నని ఇసుకలా తగిలేవి తీసుకోండి. పెద్ద పలకల కన్నా చిన్న పలకలు మేలు. పలకల మధ్య సందులు ఎక్కువ ఉంటే పాదానికి పట్టు ఎక్కువ దొరుకుతుంది, నీరు కూడా పోతుంది.

మరీ గరుకైనదీ మంచిది కాదు. పసిపిల్లల మోకాళ్లు గీరుకుంటాయి. చక్కెర వ్యాధితో కాళ్లకు స్పర్శ తగ్గినవారికి గాయమైనా తెలియదు. మురికి కూడా అందులో దాక్కుంటుంది. పాదం పట్టాలి గాని పాదం కోయకూడదు.

కొనే ముందు చేయవలసిన పరీక్ష

రెండు మూడు రకాల టైల్స్ ఒక్కొక్కటి ఇంటికి తెచ్చుకోండి. వాటిని వాకిట్లో కదలకుండా పరచి, సబ్బు నీళ్లు పోయండి. గోడో గుంజో గట్టిగా పట్టుకొని, మరొకరిని పక్కన నిలబెట్టుకొని, చెప్పులు లేని పాదాన్ని మెల్లగా ముందుకు తోసి చూడండి. ఏది పాదాన్ని ఆపుతుందో మీకే తెలుస్తుంది. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి కాదు. కాని కళ్లతో మాత్రమే చూసి కొనేదానికన్నా వెయ్యి రెట్లు నయం.

నేల ఒక్కటే చాలదు

నీరు నిలవకుండా వాలు ఉండాలి. ప్రతి 5 అడుగులకు 1 అంగుళం చొప్పున తూము వైపు వాలు పెట్టమని మేస్త్రికి చెప్పండి. గది పని ముగిశాక ఒక బిందె నీళ్లు పోసి, ఎక్కడా నిలవకుండా పోతున్నాయో లేదో మీరే చూసుకోండి.

ఒంటికాలి మీద నిలబడి బట్టలు మార్చుకొనేటప్పుడు మనుషులు సులభంగా పడిపోవచ్చు. కనుక గోడ పక్కన అడుగున్నర ఎత్తు సిమెంటు అరుగు కట్టించండి. ప్లాస్టిక్ స్టూలు తడి నేల మీద తానే జారుతుంది. మెట్ల పక్కన పట్టుకొనేందుకు గట్టి పైపు ఉండాలి. మెట్టు అంచుకు వేరే రంగు వేయండి. కంటి చూపు మందగించినవారికి తెల్లని నీటిలో తెల్లని మెట్టు కనబడదు.

గోనె సంచులు, పాత చీరలు పరచవద్దు. అవి కాలితోపాటు జరిగిపోతాయి. రంధ్రాలున్న రబ్బరు పట్టాలు వాడవచ్చు. అయితే పని ముగిశాక ఎత్తి ఎండలో ఆరవేయాలి, లేకపోతే వాటి కిందే పాకుడు పడుతుంది.

పాకుడు, సబ్బు మడ్డి పేరుకుంటే ఎంత మంచి నేలైనా జారుతుంది. గట్టి బ్రష్షుతో రుద్ది కడిగి ఆరనివ్వండి. పాకుడుకు బ్లీచింగ్ పౌడరు నీళ్లు పనిచేస్తాయి. కాని బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి. ఒకదాని తర్వాత వెంటనే మరొకటి కూడా పోయకండి. రెండూ కలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే విషవాయువు పుడుతుంది.

ఇంట్లోని అమ్మానాన్నల కోసం

మీ సంఘంలో తొట్టి లేకపోవచ్చు. మీ ఇంట్లో స్నానాల గది ఉంది కదా! తెల్లవారుజామున లేచి చీకట్లో అందులోకి వెళ్లే ముసలి తల్లిదండ్రులు ఉన్నారు కదా! పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలియజేసింది. వృద్ధులకే ఈ అపాయం ఎక్కువ. కొడుకు పట్నం నుండి డబ్బు పంపి ఇంటికి మెరిసే టైల్స్ వేయిస్తాడు. ఆ మెరుపు మీదే తల్లి జారిపడుతుంది. ప్రేమ ఉంది గాని ఆలోచన లేకపోయింది. మేము చేసిందీ అదే.

ఎవరైనా పడితే మేము చేసినట్లు చేయకండి. తొందరపడి లేవదీయకండి. కాలు కదల్చలేకపోయినా, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్లు కనిపించినా తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. నూనె రాసి మర్దన చేయకండి. కదిలించకుండా దుప్పటి కప్పి 108కి ఫోను చేయండి.

పిట్టగోడ చెప్పే పాఠం

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా దాని మీదనుండి పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని హెచ్చరించాడు. మందిర కొలతలు చెప్పిన దేవుడే మామూలు ఇంటి పిట్టగోడను కూడా పట్టించుకున్నాడు. ఇంటి అందం గురించి అక్కడ మాట లేదు, ఇంటికి వచ్చినవాడి ప్రాణం గురించి ఉంది. ఆ వాక్యం మేము ఎన్నోసార్లు చదివాం. టైల్స్ కొనేనాడు మాత్రం అది మాకు జ్ఞాపకం రాలేదు.

ఆ తల్లికి ఆపరేషను జరిగింది. కొన్ని నెలల తర్వాత చేతికర్రతో మందిరానికి రావడం మొదలుపెట్టింది. మేము వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె మమ్మల్ని నిందించలేదు. "కాలు విరిగినందుకు కాదు బాబూ నా బాధ. ఆ రోజు తలచుకుంటే అందరికీ నేను పడిపోవడమే గుర్తొస్తుంది. నేను బాప్తిస్మం పొందిన సంగతి ఎవరూ చెప్పరు" అంది. ఆ మాట ఇప్పటికీ మా గుండెల్లో ఉంది.

పాత టైల్స్ తీయించాం. ఈసారి దుకాణంలో మెరిసేవాటి వైపు చూడలేదు. గరుకు టైల్స్ తెచ్చి, అరుగు కట్టించి, పైపు పెట్టించాం. పని ముగిశాక నేల మీద నీళ్లు పోసి ముందుగా ఆమెనే పిలిచాం. ఒక చేత పైపు పట్టుకొని, రెండోవైపు మనుమరాలి భుజం మీద చెయ్యి వేసి, చెప్పులు విడిచి మెల్లగా అడుగుపెట్టింది. రెండడుగులు వేసి ఆగింది. "ఇది ఉంటుంది" అంది.

మా కమిటీ ఇచ్చిన ఏ తీర్మానం కన్నా ఆ మాటే మాకు ధైర్యమిచ్చింది. మీ మందిరంలోనైనా ఇంట్లోనైనా నేల ఎంచేటప్పుడు అందరికన్నా బలహీనమైన పాదాన్ని తలచుకోండి. అది తడిసి ఉందని కూడా తలచుకోండి. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు మన ఇళ్లలోని పెద్దల పాదాలను కాపాడే బుద్ధి మనకందరికీ దయచేయునుగాక. ఆమేన్.