నెమ్మదించిన ర్యామ్, ఆగిపోయే ఆట: ఖర్చుకు ముందు కారణం వెతుకుదాం

"అబ్బా, కంప్యూటర్ పాతబడిపోయింది. ఆట మధ్యలోనే ఆగిపోతోంది. కొత్తది కొనండి" అని కుమారుడు కోరతాడు. "ఆటలు ఆడీ ఆడీ నువ్వే దాన్ని చెడగొట్టావు" అని తండ్రి మందలిస్తాడు. మన ఇళ్ళలో తరచూ వినిపించే ఈ రెండు మాటలకూ సాధారణంగా ఆధారం ఉండదు. యంత్రాన్ని పరీక్షించకుండానే ఒకరు దానిపై తీర్పు చెబుతున్నారు, మరొకరు పిల్లవాడిపై తీర్పు చెబుతున్నారు. నెలజీతంతో గడిచే కుటుంబానికి కొత్త కంప్యూటర్ చిన్న ఖర్చు కాదు. నిరాధారమైన నింద పిల్లల మనసుకు చిన్న గాయమూ కాదు. అందువల్ల ర్యామ్ వేగం తగ్గడానికీ, ఆట క్రాష్ కావడానికీ గల కారణాలను ఇంట్లోనే క్రమపద్ధతిలో ఎలా తెలుసుకోవచ్చో ఈ వ్యాసంలో వివరించదలిచాము.

మొదట సంఖ్యను చదవండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలోని మెమరీని ఎంచుకుంటే ర్యామ్ పరిమాణం, వేగం, ఎన్ని స్లాట్లు నిండివున్నాయో కనిపిస్తాయి. పెట్టెపై 3200 అని ఉండి ఇక్కడ 2133 లేక 2400 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది చాలావరకు లోపం కాదు, అమరిక మాత్రమే.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. సీపీయూ-జెడ్ వంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు 3200 ర్యామ్‌ను 1600 మెగాహెర్ట్జ్‌గా చూపుతాయి. డీడీఆర్ జాతి ర్యామ్ ప్రతి గడియార స్పందనకు రెండుసార్లు సమాచారాన్ని పంపుతుంది. కాబట్టి అక్కడ కనిపించే సంఖ్యను రెట్టింపు చేసి చదవాలి. ఈ విషయం తెలియక "సగం వేగమే వస్తోంది" అని దుకాణదారుతో వాదించేవారూ ఉన్నారు.

పెట్టె మీది వేగం ఎందుకు రాదు?

వేగవంతమైన డీడీఆర్4 ర్యామ్‌లలో అనేకం రెండు రకాల వివరాలను తమలో దాచుకుని ఉంటాయి. మొదటిది ఏ మదర్‌బోర్డులోనైనా సురక్షితంగా పనిచేసే ప్రామాణిక వేగం. రెండవది తయారీదారు పరీక్షించి పెట్టెపై ముద్రించిన అధిక వేగం. కంప్యూటర్ తనంతట తాను మొదటిదానినే ఎంచుకుంటుంది. రెండవది కావాలంటే మనమే బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేయాలి. కొన్ని ఏఎమ్‌డీ బోర్డులలో దీనిని డీఓసీపీ అనీ, డీడీఆర్5 ర్యామ్ విషయంలో ఎక్స్‌పో అనీ పిలుస్తారు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేక ఎఫ్2 మీటను పదే పదే నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది.

అన్ని బోర్డులూ ఈ సౌకర్యాన్ని ఇవ్వవు. ఉదాహరణకు హెచ్410 బోర్డుపై ఐ5-10400 ప్రాసెసర్ ఉంటే ర్యామ్ 2666 దాటి పనిచేయదు. 3200 ర్యామ్ కొన్నా ప్రయోజనం అంతే. కనుక కొనడానికి ముందే బోర్డు, ప్రాసెసర్‌ల పరిమితిని చూడటం వివేకం. వేర్వేరు వేగాల ర్యామ్‌లను కలిపినప్పుడు కూడా వాటిలో నెమ్మదైన దాని వేగానికే అన్నీ దిగివస్తాయి.

ఒకటి కంటే రెండు మేలు

ఒకే 16 జీబీ ర్యామ్ కంటే రెండు 8 జీబీ ర్యామ్‌లు సాధారణంగా వేగంగా పనిచేస్తాయి. రెండు దారులలో ఏకకాలంలో సమాచారం నడవడమే దీనికి కారణం. లెక్క చూడండి: 2133 వేగంతో ఒకే దారిలో సెకనుకు సుమారు 17 గిగాబైట్లు ప్రవహించగలవు. 3200 వేగంతో రెండు దారులలో 51 గిగాబైట్లకు పైగా ప్రవహించగలవు. అంటే మూడు రెట్లు. ఆట వేగం కూడా మూడింతలు అవుతుందని దీని అర్థం కాదు. కాని విడిగా గ్రాఫిక్స్ కార్డు లేక ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌పైనే ఆధారపడే కంప్యూటర్లలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటి గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే.

నాలుగు స్లాట్లు గల బోర్డులలో రెండు ర్యామ్‌లను పక్కపక్కన పెట్టరాదు. చాలా బోర్డులలో ప్రాసెసర్ వైపు నుండి లెక్కించి రెండవ, నాల్గవ స్లాట్లలో అమర్చాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఈ వివరం ఉంటుంది.

ఆట క్రాష్ అయితే ఏం చేయాలి?

ఇక్కడ ఒక నియమం ముఖ్యం: ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే సమస్య తీరినా దేనివల్ల తీరిందో తెలియదు.

మొదట ఎక్స్‌ఎంపీని ఆఫ్ చేసి రెండు మూడు రోజులు చూడండి. క్రాష్‌లు ఆగిపోతే కారణం ర్యామ్ వేగం వైపే ఉన్నదని భావించవచ్చు. అప్పుడు బయోస్‌ను నవీకరించడం, 3200కు బదులు 3000 లేక 2933 వంటి ఒక మెట్టు తక్కువ వేగం ఎంచుకోవడం మంచిది. ఎక్స్‌ఎంపీ పెట్టిన తరువాత తెర నల్లగా ఉండిపోతే, కరెంటు ప్లగ్ తీసివేసి, బోర్డుపై ఉండే నాణెం వంటి బ్యాటరీని కొన్ని నిమిషాలు తొలగించి తిరిగి పెట్టండి. అమరికలు మొదటి స్థితికి వస్తాయి.

క్రాష్‌లు ఆగకపోతే మెమ్‌టెస్ట్86 అనే ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఈ పరీక్షలో ఒక్క లోపం వచ్చినా ఉపేక్షించరాదు. తరువాత ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షిస్తే ఏది చెడినదో, లేక స్లాటే చెడినదో తేలుతుంది. ర్యామ్ తీసే ముందు ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహభాగాన్ని చేతితో తాకండి. బంగారు రంగు అంచుపై దుమ్ము ఉంటే మెల్లగా తుడిచి, తిరిగి క్లిప్ శబ్దం వచ్చేవరకు నొక్కండి.

లోపమున్న ర్యామ్ ఆటను మాత్రమే ఆపదు. దాని గుండా వెళ్ళే ఫైళ్ళను కూడా నిశ్శబ్దంగా పాడుచేయగలదు. మాకు తెలిసిన ఒక ఇంట ఆట ఆగిపోతోందని నెలల తరబడి కుమారుడిని తప్పుపట్టారు. కూతురు రాసుకున్న ప్రాజెక్టు ఫైలు తెరుచుకోకపోవడంతో గాని పరీక్ష చేయలేదు. రెండు ర్యామ్‌లలో ఒకటి చెడినదని తేలింది. గ్యారంటీ ఉన్నందున ఖర్చు లేకుండానే అది మారింది. పోయిన ఫైలు మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి అనుమానం కలిగిన రోజే లోపమున్న ర్యామ్‌ను తొలగించి, ఆ తరువాతే ఫొటోలు, చదువుల కాగితాలు మరొక డ్రైవ్‌లోకి నకలు తీసుకోండి. పాత నకలును చెరిపివేయకండి.

ర్యామ్ నిర్దోషి అని తేలినప్పుడు

అప్పుడు ఇతర కారణాలు చూడాలి. ఒక్క ఆటే ఆగిపోతుంటే, ఆ ఆట ఫైళ్ళనే సరిచూడండి. స్టీమ్‌లో ఇందుకు ప్రత్యేక సౌకర్యం ఉంది. అన్ని ఆటలూ ఆగిపోతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తొలగించి మళ్ళీ వేయండి. ఫ్యాన్లలోని దుమ్ము, వేసవి వేడి చూడండి. ఆట బరువెక్కగానే కంప్యూటర్ మొత్తం ఆరిపోతే విద్యుత్తును అందించే పవర్ సప్లైని అనుమానించండి. విండోస్‌లోని రిలయబిలిటీ హిస్టరీ ఏ రోజు ఏది ఆగిందో తేదీలవారీగా చూపుతుంది.

తెరపై వచ్చిన సందేశాన్ని అక్షరాలా నమ్మరాదనడానికి ఇటీవలి నిదర్శనం ఒకటుంది. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో ఆటలు ఆగిపోయి, "వీడియో మెమరీ చాలలేదు" అనే సందేశం వచ్చేది. ఎందరో గ్రాఫిక్స్ కార్డునే అనుమానించారు. వోల్టేజీ పరిమితికి మించడం వల్ల ప్రాసెసరే దెబ్బతింటున్నదని 2024లో ఆ సంస్థ ప్రకటించి, బయోస్ ద్వారా సవరణను అందించింది. ప్రభావితమైన నమూనాలకు గ్యారంటీని రెండేళ్ళు పొడిగించింది. సవరణ ముందుజాగ్రత్త మాత్రమే, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అది బాగు చేయదు. ఆ తరం కంప్యూటర్ ఉన్నవారు బయోస్ తాజాదో కాదో తప్పక చూసుకోవాలి.

దుకాణానికి వెళ్ళవలసివస్తే ఒక కాగితంపై నాలుగు విషయాలు రాసి తీసుకువెళ్ళండి: ర్యామ్ ఏ వేగంతో నడుస్తోంది, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినప్పుడు ఏమైంది, మెమరీ పరీక్షలో ఏమి తేలింది, క్రాష్ ఎప్పుడెప్పుడు వచ్చింది. ఆ కాగితం చేతిలో ఉన్నవారికి అవసరం లేని మదర్‌బోర్డును అంటగట్టడం సులభం కాదు. ఆ కాగితాన్ని పిల్లల చేతనే రాయించండి. నింద మోసినవారికే కారణాన్ని కనుగొనే అవకాశం ఇచ్చినవారవుతారు.