బయటి సామాను వేస్తే వారంటీ పోతుందా?

తెనాలిలో వున్న మా బావగారు నిరుడు కొత్త కారు కొన్నారు. వ్యాపారరీత్యా ఆయనకు రాత్రి ప్రయాణాలు తప్పవు. కంపెనీవాడిచ్చిన దీపాలు గుడ్డిదీపాల్లా వున్నాయని బెజవాడ ఆటోనగర్‌లో బల్బులు మార్పించారు. దారి పట్టపగల్లా కనిపించింది. మూడు నెలలపాటు ఆయన సంతోషానికి మేర లేదు.

నాలుగో నెలలో ఒక రాత్రి కారులో ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది. ఒక దీపం ఆరిపోయింది. అంతకు వారం ముందే ఏ.సి. చల్లదనం ఇవ్వడం మానేసింది. రెండూ ఒకేసారి చూపించుకుందామని డీలరు సర్వీసు షెడ్డుకు తీసుకు వెళ్ళారు. అక్కడి సూపర్‌వైజరు బానెట్ ఎత్తి ఒక్క చూపు చూశాడు.

"బయటి బల్బులు వేయించారు గదండీ! వారంటీ పోయింది. రెండింటి ఖర్చూ మీరే పెట్టుకోవాలి" అన్నాడు. చేతిలో పెట్టిన అంచనా కాగితం 30,000 రూపాయలు దాటింది.

ఆ సాయంత్రం బావగారు నాకు ఫోను చేశారు. "ఏమోయ్, దీపాల మాట సరే. బల్బుకూ ఏ.సి.కీ ఏం చుట్టరికమోయ్?"

కారున్న ప్రతివాడూ అడగవలసిన ప్రశ్న అదే.

ముందు దీపాల సంగతి చూద్దాం. మామూలు హెడ్‌లైటు బల్బు 60 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీనుంచి అది సుమారు 5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బావగారు వేయించినది 100 వాట్లది. అది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటుతోబాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. లెక్క కడితే వేడి రమారమి రెండున్నర రెట్లకు మించిపోయింది. రిలే పెట్టి, వేరే లావు తీగ లాగి వుంటే గండం గడిచేదేమో. పాత తీగకే తగిలించారు, అది కాలింది. యీ నష్టం కంపెనీ భరించాలనడం న్యాయం కాదు. అందుకు బావగారు కూడా ఒప్పుకున్నారు.

ఏ.సి. సంగతి వేరు. కంప్రెసరు సీలు దగ్గర గ్యాసు కారిపోయింది. దీపాల తీగ కాలితే అక్కడ గ్యాసు కారదు. అలాంటప్పుడు "వారంటీ మొత్తం పోయింది" అనడానికి ఆధారమేమిటి?

యీ తగాదా మన ఒక్క దేశంలోది కాదు. అమెరికాలో 1975లోనే ఒక చట్టం వచ్చింది. వస్తువుకు వారంటీ నిలవాలంటే ఫలానా కంపెనీ సామానే వాడాలని షరతు పెట్టరాదని, అలా పెట్టదలిస్తే ఆ సామాను ఉచితంగా ఇవ్వాలని దాని సారాంశం. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలమీద మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. స్పేర్ పార్టులు బజారులో దొరకనివ్వాలన్నది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ గంపగుత్తగా రద్దనే షరతు పెట్టరాదన్నది. బయటి పనివల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చునన్నది. కంపెనీలు దీనిమీద అప్పీళ్ళకు వెళ్ళాయి. అయినా ఆ తీర్పులోని న్యాయసూత్రం సామాన్యుడికి కూడా బోధపడేదే.

అలా అని బజారులో దొరికిందల్లా వేయించమని కాదు. బయటి సామాను అంతా ఒక్క జాతి కాదు. కారులోని అనేక భాగాలను కార్ల కంపెనీలు స్వయంగా చేయవు. 1951లో మైకోగా మొదలైన బాష్, 1961లో మొదలైన లూకాస్ టీవీయస్, 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా వంటి సంస్థలు కంపెనీలకు సరఫరా చేస్తూనే తమ పేరుతో బజారులోనూ అమ్ముతాయి. ఇది మేలైన సరుకు. ఆ పెట్టెలకే నకళ్ళు వేసి అమ్మేది మరో సరుకు. ఆయిల్ ఫిల్టరునే తీసుకోండి. ఇంజను ఆపినప్పుడు ఆయిలు వెనక్కు జారిపోకుండా పట్టివుంచే చిన్న వాల్వు మంచి ఫిల్టర్లలో వుంటుంది. నకిలీదానిలో అది వున్నదో లేదో పైకి చూస్తే తెలియదు. వందో రెండువందలో మిగులుతాయి, ఇంజను అరిగిపోతుంది.

మరి డీలరును నమ్మవచ్చునా? వారంటీ ఇచ్చేది కంపెనీ. డీలరు పని చేసి, ఖర్చు కంపెనీనుంచి రాబట్టుకోవాలి. కంపెనీ కాదంటే ఆ నష్టం తనమీద పడుతుందని అతడి భయం. అందుకే "కాదు" అనడం అతడికి సులువు. అందరూ మోసగాళ్ళు కారు. కాని నోటిమాటను తుదితీర్పు అనుకోనక్కరలేదు.

మర్నాడు బావగారితో నేనూ వెళ్ళాను. తగాదా పెట్టుకోలేదు. "ఏ.సి. చెడడానికి బల్బులు ఎలా కారణమో జాబ్ కార్డు మీద రాసి సంతకం చేయండి. కంపెనీకి పంపుకుంటాం" అన్నాం. సూపర్‌వైజరు లోపలికి వెళ్ళాడు. అరగంటకు మేనేజరు వచ్చి, "కంపెనీ అనుమతికి పంపిస్తామండీ" అన్నారు. ఆరో రోజున కొత్త కంప్రెసరు ఉచితంగా బిగించారు. తీగల ఖర్చు బావగారు చెల్లించారు. ఎవరి బాకీ వారికి తీరింది.

కాబట్టి పాఠకులు గుర్తుంచుకోదగినవి కొన్ని వున్నాయి. వారంటీ పుస్తకం కారు కొన్ననాడే చదవండి. సర్వీసులు గడువు తప్పనివ్వకండి. బయట ఏమి వేయించినా పార్టు నంబరుతో బిల్లు తీసుకోండి. మార్చిన పాత భాగాన్ని చూపించమని అడగండి. తీగలు కోసి అతికించే పనులకు దూరంగా వుండండి. వారంటీ నిరాకరిస్తే కారణం కాగితం మీద అడగండి. అప్పటికీ న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ వుండనే వున్నది.

బావగారి కారులో ఇప్పుడు 60 వాట్ల బల్బులే వెలుగుతున్నాయి. రాత్రివేళ కాస్త నెమ్మదిగా నడుపుతున్నారట. అందుకు మా అక్కయ్య సంతోషించింది.