బొటనవేలంత మైకేల్ జాక్సన్!

“నువ్వు నిజంగా మైకేల్ జాక్సన్‌ని చూశావా?” అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. చూశాను. “ఎంత పొడుగుంటాడు?” అంటే మాత్రం నా బొటనవేలు చూపిస్తాను. నేను నిలబడ్డ చోటికి ఆయన సరిగ్గా అంతే కనబడ్డాడు మరి!

అది 1996 నవంబరు 1, శుక్రవారం. శుక్రవారమంటే మనకి కొత్త సినిమా రోజు. ఆ శుక్రవారం నాకు సినిమా హాలు బొంబాయిలోని అంధేరీ స్పోర్ట్స్ కాంప్లెక్స్. ఆ ఊరి పేరు ముంబైగా మారి అప్పటికి ఏడాదే. మా నోళ్ళలో ఇంకా బొంబాయే. జేబులో టికెట్ లేకుండా భద్రాచలం అడవి అంచు నుంచి బయల్దేరినవాణ్ణి లోపలికి ఎలా వెళ్ళానో, లోపల ఏం చూశానో, అది నా ఒక్కడి అదృష్టం ఎందుకు కాదో చెప్తాను, వినండి.

తునికాకు గోడౌన్లో మూన్‌వాక్

మాది చర్ల రోడ్డులో ఒక చిన్న ఊరు. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క అడవి. ఆ అడవి దాటితే అప్పట్లో మధ్యప్రదేశ్, 2000 నుంచి ఛత్తీస్‌గఢ్. మాది అప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. సినిమా చూడాలంటే టూరింగ్ టాకీసన్నా మా వైపు రావాలి, మేమన్నా బస్సెక్కి భద్రాచలం పోవాలి.

1985లో “దొంగ”లో చిరంజీవి దయ్యాల వేషాల మధ్య స్టెప్పులేస్తే నేల టికెట్ జనం ఈలలతో డేరా ఎగరగొట్టారు. అది అమెరికాలో మైకేల్ జాక్సన్ “థ్రిల్లర్” వీడియో చూసి కట్టిన పాట అని మాకేం తెలుసు! 1987లో “పసివాడి ప్రాణం” వచ్చింది. అందులో బ్రేక్ డాన్సు చూసిన రాత్రి నేనూ, బావా నిద్రపోలేదు.

బావ అంటే చుట్టం కాదు. పక్కనే కోయగూడెం కుర్రాడు. నా ఈడువాడు, నా క్లాసు. వరసలు కలుపుకుని పిలుచుకోవడం మా వైపు అలవాటు. వాళ్ళ నాయన కొమ్ము డాన్సుకి డోలు కొట్టేవాడు. తాళం బావకి పుట్టుకతో వచ్చింది, నాకు వాడు నేర్పితే వచ్చింది.

అసలు జాక్సన్‌ని మేం మొదట చూసింది ఒక పెళ్ళివారింట్లో. కొత్తగూడెం నుంచి అద్దెకి తెచ్చిన టీవీ, వీసీఆరు, జనరేటరు. మూడు తెలుగు సినిమాలయ్యాక తెల్లవారుజామున ఎవరో ఇంగ్లీషు క్యాసెట్టు పెట్టారు. మనిషి ముందుకి నడుస్తున్నట్టే ఉన్నాడు, వెనక్కి పోతున్నాడు! దాన్ని మూన్‌వాక్ అంటారనీ, 1983 మార్చి 25న మోటౌన్ రికార్డుల కంపెనీ పాతికేళ్ళ పండగలో ఆయన దాన్ని చూపించి లోకాన్ని వెర్రెత్తించాడనీ చాలాకాలం తర్వాత చదివాం. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే. అది మేమూ చెయ్యాలి!

గోదావరి ఇసకలో కాలు జారదు. పేడ అలికిన వాకిట్లో అసలే జారదు. ఊళ్ళో నున్నటి నేల ఉన్నది తునికాకు గోడౌన్లోనే. ఎండాకాలం ఆకు లారీలెక్కి పోయాక అది ఖాళీ. కాపలా తాతకి ఒక బీడీకట్ట, నేల మీద ఇంత పౌడరు, మా కాళ్ళకి మేజోళ్ళు. “పౌడరు డబ్బా ఎటు పోతోందిరా?” అని మా అమ్మ ఇల్లంతా వెతికేది.

మూన్‌వాక్ పట్టుబడింది గానీ, ఇంకో స్టెప్పు మమ్మల్ని ఏడిపించింది. “స్మూత్ క్రిమినల్” పాటలో నడుం వంచకుండా, మడమ లేపకుండా, నరికిన చెట్టులా మనిషి మొత్తం ముందుకి ఒరుగుతాడు. పడబోయి, పడకుండా లేస్తాడు. మేమూ ఒరిగాం. పడ్డాం. బావ ముక్కు పగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

1994లో ప్రభుదేవా “ప్రేమికుడు” వచ్చేసరికి పెళ్ళి పందిళ్ళలోనూ, వినాయక చవితి పందిళ్ళలోనూ మా జోడీకి మంచి పేరొచ్చింది. పేరంటే ఎంతదాకా అనుకున్నారు? చర్ల నుంచి దుమ్ముగూడెం దాకా!

ఇద్దరి డబ్బు, ఒక్కడి ప్రయాణం

జాక్సన్ బొంబాయి వస్తున్నాడని పేపర్లో చూసింది బావే. అప్పట్నుంచి ఒక హార్లిక్స్ సీసా మా బ్యాంకు. తునికాకు కట్టల కూలి, మిరపకోత కూలి, డాన్సు చూసి జనం చదివించిన రూపాయలు అన్నీ అందులోకే. ఇద్దరం కలిసి వెళ్ళాలని ఒట్టు.

బయల్దేరడానికి వారం ముందు బావకి చలిజ్వరం పట్టుకుంది. వానలు వెనకబట్టే రోజుల్లో మా ఏజెన్సీని మలేరియా పలకరించకుండా పోదు. దుప్పటి కింద వణుకుతూనే సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

“నేను పోను, మానేస్తా” అన్నాను.

“పో బావా! ఇద్దరం మానేస్తే జాక్సన్‌కి నష్టమా? కాని ఒక్క షరతు. ఒక్క స్టెప్పు కూడా మరిచి రావద్దు. మొదలు ఏం చేసిండో అక్కణ్ణుంచి నాకు చెప్పాలె.”

భద్రాచలం నుంచి ఖమ్మం బస్సు. ఖమ్మంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్, జనరల్ పెట్టె, తలుపు పక్కన చోటు. వరంగల్లు, సికిందరాబాదు, షోలాపూరు, పుణె దాటి దాదర్లో దిగాను. వర్లీలో ఒక చాల్‌లో మా మేనమామ ఉండేవాడు. బట్టల మిల్లులో పని చేసేవాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన పెద్ద సమ్మె తర్వాత ఆ పని పోయింది. అప్పట్నుంచి కుట్టుమిషనే ఆధారం. వర్లీలో, కామాఠీపురాలో ఏ మలుపు తిరిగినా తెలుగు వినబడేది. పొట్ట చేతబట్టుకొచ్చిన మన జనం ఎంతమందో అక్కడ!

మామ సీసా బోర్లించి డబ్బు లెక్కపెట్టాడు. “అల్లుడూ, దీనికి జాక్సన్ టికెట్ రాదు. జాక్సన్ బొమ్మున్న బనీను వస్తుంది” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అందులో సగం డబ్బు జ్వరంతో పడుకున్నవాడిది కదా!

గేటు బయట వినబడ్డ తెలుగు

ఆ వారం బొంబాయి పేపర్ల నిండా ఆయనే. సొనాలీ బెంద్రే మహారాష్ట్ర చీరకట్టులో విమానాశ్రయానికి వెళ్ళి ఆయనకి బొట్టుపెట్టి స్వాగతం చెప్పింది. ఆయన బాల్ ఠాక్రే ఇంటికి వెళ్ళొచ్చాడు. కచేరీ జరిపించింది రాజ్ ఠాక్రే నడిపిన శివ్ ఉద్యోగ్ సేన. నిరుద్యోగ యువకుల కోసమన్నారు. (వినోదపు పన్ను మినహాయింపు మీద పేచీ 2021 దాకా సాగింది, అది వేరే కథ.)

టికెట్ లేకపోతేనేం, పాట గోడ దాటి రాకపోతుందా అని మధ్యాహ్నమే లోకల్ రైలెక్కి అంధేరీ చేరాను. అబ్బ! మా శ్రీరామనవమి జనం గుర్తొచ్చారు. నల్ల టోపీలు, ఒంటి చేతికి తెల్ల గ్లవ్వులు. ఒకచోట కుర్రాళ్ళు టేపురికార్డరు పెట్టి, గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి ఆడుతున్నారు. చూస్తూ ఉండలేకపోయాను. బూట్లు విప్పి మేజోళ్ళతో దిగాను. తునికాకు గోడౌన్లో నేర్చిన మూన్‌వాక్ అంధేరీ తారురోడ్డు మీద! మేజోళ్ళు చిరిగాయి గాని, చప్పట్లు పడ్డాయి. చివర్లో అలవాటు కొద్దీ “అద్దీ దెబ్బ!” అని అరిచాను.

“ఏ ఊరు బాబూ మనది?”

వెనక్కి తిరిగాను. యాభై ఏళ్ళ పెద్దమనిషి. పక్కన భార్య, కూతురు.

“భద్రాచలం దగ్గరండీ.”

“రాములవారి భద్రాచలమే! జాక్సన్ కోసం వచ్చావా అక్కణ్ణుంచి?” అని ఆయన ఆశ్చర్యపోయాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ తలూపింది. జేబులోంచి టికెట్ తీశాడు. “మా అబ్బాయిదిది. వాడికి జ్వరం, ఇంట్లో పడుకున్నాడు. ఇక్కడ ఎవరికైనా అమ్మేద్దామని తెచ్చాను. ఇప్పుడు అమ్మబుద్ధి కావడం లేదు. తీసుకో.”

నేను డబ్బు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు. ఊరెళ్ళాక వాడి పేరున స్వామికి అర్చన చేయించు, చాలు.” సిగరెట్ పెట్టె అట్ట చించి కొడుకు పేరు, గోత్రం, నక్షత్రం రాసిచ్చాడు.

చిత్రం చూశారా! ఒక జ్వరం బావని ఇంట్లో ఆపేసింది. ఇంకో జ్వరం నన్ను గేటు లోపలికి పంపింది.

నిలబడ్డాడు!

చీకటి పడింది. పెద్ద తెర మీద ఏదో రాకెట్టు దూసుకొస్తోంది. వేదిక మీద పొగ, పేలుడు, రాకెట్టు ముక్కలాంటి పెట్టె. తలుపు తెరుచుకుంది. తళతళలాడే బంగారు రంగు కవచంలో ఒక మనిషి. తల మీది హెల్మెట్ తీశాడు. ఆయనే!

ఇక మొదలెడతాడు అనుకున్నాను. మొదలెట్టలేదు. నిలబడ్డాడు. చెయ్యి కదలదు, కాలు కదలదు, మెడ తిరగదు. జనం మాత్రం పిచ్చెత్తినట్టు అరుస్తున్నారు. నా పక్కనమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎంతసేపో చెప్పలేను. అప్పటిదాకా మా దృష్టిలో డాన్సంటే పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఆగకుండా ఊగడం. ఎంత చెమట పడితే అంత గొప్ప. ఈయన ఊరికే నిలబడి ఇంత మైదానాన్నీ ఊపేస్తున్నాడు! ‘మొదలు ఏం చేసిండు?’ అన్న బావ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది.

ఒరిగే స్టెప్పు కూడా కళ్ళారా చూశాను. దాని గుట్టు తర్వాత తెలిసింది. బూటు మడమకి ఒక గాడి ఉంటుంది. వేదికలోంచి పైకొచ్చే మేకుకి దాన్ని తగిలించి ఒరుగుతారు. ఆయనా, ఆయన దుస్తులు తయారుచేసే ఇద్దరూ కలిసి దాని మీద 1993 అక్టోబరులో అమెరికాలో పేటెంటు కూడా తీసుకున్నారు. అయితే మేకు ఉంటే చాలదు. నడుమూ, పిక్కలూ ఇనుములా ఉండాలి.

“బిల్లీ జీన్” పాటకి ముందు చిన్న పెట్టె చేత్తో పట్టుకుని తాపీగా వచ్చాడు. తెరిచి చొక్కా తీశాడు. గ్లవ్వు తీశాడు. టోపీ తీశాడు. ఒక్కొక్కటే తొడుక్కుంటుంటే మా ఊరికొచ్చే పగటివేషాలవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళూ అంతే, వాకిట్లో పెట్టె దించి మన ముందే మనిషి మారిపోతారు. ఎంత దూరాన పుట్టినా కళాకారుడి పెట్టె ఒకటే!

అన్నిటికన్నా నన్ను పట్టేసింది “ఎర్త్ సాంగ్”. పాట చివర వేదిక మీదికి యుద్ధ ట్యాంకు వచ్చింది. సైనికుడు దిగి తుపాకీ ఎక్కుపెట్టాడు. ఒక చిన్నపిల్ల వచ్చి పువ్వు అందించింది. సైనికుడు మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నా చేతులు లేవలేదు. మా వైపు తుపాకీ అంటే వేదిక మీది వస్తువు కాదు. అడవిలో ఉంటుంది, రోడ్డు మీదా ఉంటుంది. చీకట్లో మొహాన టార్చిలైటు పడితే ఏం చెయ్యాలో మా పిల్లలకి ఒకరు నేర్పక్కర్లేదు.

“మరి తుపాకీ ఎటు పోయింది?”

ఊరికి తిరిగొస్తూ ముందు భద్రాచలంలో దిగాను. గోదావరిలో మునిగి, గుడికెళ్ళి, అట్టముక్క చూసి చదివి అర్చన చేయించాను. ప్రసాదంతో బావ ఇంటికి వెళ్ళాను. జ్వరం తగ్గి మంచం మీద కూచుని గంజి తాగుతున్నాడు. మిగిలిన డబ్బుతో సీసా పక్కన పెట్టాను.

“మొదలు ఏం చేసిండు?”

“ఏం చెయ్యలేదు బావా. నిలబడ్డడు.”

వాడు గిన్నె కింద పెట్టాడు. కాసేపు ఆలోచించాడు. “నిజమే. మా నాయన కూడా డోలు మీద పెద్ద దెబ్బ వేసే ముందు చెయ్యి పైకెత్తి ఆపుతడు. అప్పుడే జనం ఊపిరి బిగబడతరు” అన్నాడు. పైసా టికెట్ లేకుండా నాకన్నా ఎక్కువ చూసినట్టు మాట్లాడాడు!

తెల్లారేదాకా చెప్పాను. ట్యాంకు సంగతి చెప్పినప్పుడు మాత్రం వాడు ఒక ప్రశ్న అడిగాడు. “పువ్వు ఇచ్చింది, ఆయన ఏడిచిండు, మంచిదే. మరి తుపాకీ ఎటు పోయింది బావా?” నేను చూడలేదు. ఆ ఒక్కదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ మాఘమాసంలో ఒక పెళ్ళి పందిట్లో మా డాన్సు. పాట మొదలైంది. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. “టేపు చెడిపోయిందా, వీళ్ళు చెడిపోయారా?” అని ఎవరో అరిచారు. నవ్వులు. మేం కదల్లేదు. నవ్వులు ఆగాయి. పందిరంతా నిశ్శబ్దం. అప్పుడు బావ ఒక్కసారి మెడ తిప్పాడు చూడండి... ఆ ఈల నా చెవుల్లో ఇంకా ఉంది!

2009 జూన్ 26 పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. అమెరికాలో ముందురోజు, మన లెక్కలో ఆ తెల్లవారుజామున, జాక్సన్ పోయాడు. యాభై ఏళ్ళే. ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకుని మాట్లాడలేదు.

ఇప్పుడు మా మోకాళ్ళు మూన్‌వాక్‌కి ఒప్పుకోవు. బావ గూడెంలో పిల్లలకి డాన్సు నేర్పుతాడు. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ కథ చెప్తాడు. రాకెట్టు, పొగ, బంగారు కవచం, హెల్మెట్... అన్నీ చేత్తో చూపిస్తూ, తానే అంధేరీలో ముందు వరసలో నిలబడి చూసినట్టు చెప్తాడు. వాడి కథలో జాక్సన్ బొటనవేలంత ఉండడు, తాటిచెట్టంత ఉంటాడు. నేను పక్కన కూచుని వింటాను. నాకే కొత్తగా చూస్తున్నట్టుంటుంది.