సైనికుని చాకు, టార్చిలైటు

యుద్ధమనగానే తుపాకులు, ఫిరంగులు, విమానాలు మన కళ్ళకు కడతాయి. కాని సైనికుడు రోజూ చేతిలోకి తీసుకొనే వస్తువులు చాలా చిన్నవి. త్రాడు కోయడానికి, ఆహారపు డబ్బా తెరవడానికి చాకు కావాలి. చీకటిలో పటం చూచుకోవడానికి టార్చిలైటు కావాలి. రెండూ బజారులో దొరికేవే. అయినా వీటిని ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వాడుకోవడానికి సైన్యాలు ఒప్పుకోవు. చాకు విషయంలో కొంత సడలింపు ఉన్నా, దీపం విషయంలో క్రమశిక్షణ చాలా కఠినం. దీనికి కారణమేమిటి? చాకు విరిగితే నష్టం ఒక్కనికి. దీపం వేళకాని వేళ వెలిగితే నష్టం దళానికంతటికీ.

రైఫిలు తెచ్చిన చాకు

1889లో స్విట్జర్లాండు సైన్యం ష్మిట్-రూబిన్ అనే క్రొత్త రైఫిలును ప్రవేశపెట్టింది. దానిని విప్పి శుభ్రం చేయడానికి స్క్రూడ్రైవరు అవసరమైంది. డబ్బాలలో నిలవచేసిన ఆహారం తినడానికి డబ్బా తెరిచే సాధనమూ కావలసివచ్చింది. అందుచేత 1890 నమూనా చాకులో ఒక అలుగు, తోలుకు రంధ్రం వేసే ఆరె, డబ్బా తెరిచే కత్తి, స్క్రూడ్రైవరు చేర్చారు. అన్ని చాకులను తయారుచేయగల కర్మాగారం ఆనాడు ఆ దేశంలో లేదు. మొదటి 15,000 చాకులు జర్మనీలోని జోలింగెన్ పట్టణం నుండి వచ్చాయి. 1891లో కార్ల్ ఎల్సెనర్ అనే స్విస్ చాకుల తయారీదారు స్వదేశంలోనే వాటిని చేసి ఇవ్వడం ప్రారంభించాడు.

ఇదే ఎల్సెనర్ 1897లో మరింత తేలికైన చాకు ఒకటి తయారుచేశాడు. దానికి “అధికారుల చాకు” అని పేరు. కాని సైన్యం దానిని అధికారులకు ఇవ్వలేదు. కావలసినవారు సొంత డబ్బుతో కొనుక్కొన్నారు. నేడు లోకమంతా ఎరిగిన ఎర్రపిడి స్విస్ చాకు, సైన్యం ఇచ్చిన చాకు సంతతి కాదు, ఇలా కొనుక్కొన్న చాకు సంతతి!

అమెరికా మెరైన్ దళంలోనూ ఇటువంటిదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కందకపు కత్తి, ఇత్తడి పిడికిలి తొడుగుతో, పోరాటానికి మాత్రమే ఉద్దేశించినది. పెట్టెలు తెరవడానికి, కొమ్మలు నరకడానికి అది అనువైనది కాదు. అందుచేత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పలువురు మెరైనులు బజారులో దొరికే వేటకత్తులు తెచ్చుకొన్నారు. 1942లో ఆ దళం 7 అంగుళాల అలుగు, తోలుబిళ్లలు పేర్చిన పిడి గల కత్తిని స్వీకరించినపుడు, ఈ వేటకత్తులే దానికి దారి చూపాయి.

ఒకే ఉక్కు, వేరువేరు గట్టిదనం

ఎంత గట్టి ఉక్కయితే అంత మంచి చాకు అనుకోవడం పొరపాటు. ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చితే అది చాలా గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. మరల కొద్దిగా వేడిచేస్తే గట్టిదనం కొంత తగ్గి, విరగకుండా ఓర్చుకొనే గుణం వస్తుంది. మన గ్రామాలలోని కమ్మరికి ఇది తరతరాలుగా తెలిసిన సంగతే.

స్విస్ చాకులో ఈ సూత్రాన్ని స్పష్టంగా చూడవచ్చు. ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ ‘సి’ కొలబద్దపై అలుగు గట్టిదనం 56. మెలిపెట్టే బలాన్ని ఓర్చుకోవలసిన స్క్రూడ్రైవరుది 52. మాటిమాటికి వంగి లేవవలసిన స్ప్రింగుది 49. అన్నింటినీ 56కు చేర్చితే అలుగు బాగానే ఉంటుంది, స్ప్రింగు విరుగుతుంది.

మరొక ప్రమాదం మడత వద్ద ఉన్నది. అలుగును స్ప్రింగు మాత్రమే పట్టి ఉంచితే, గట్టిగా నొక్కినపుడు అది వ్రేళ్ళ మీదికి ముడుచుకొనవచ్చు. 2008లో స్విస్ సైన్యం ఎంచుకొన్న క్రొత్త చాకులో అలుగును కదలకుండా బిగించే ఏర్పాటు, ఒక చేతితో తెరిచే వీలు ఉన్నాయి.

చీకటిలో కన్ను

ఇక దీపం సంగతి. మన కంటి రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. సుమారు 60 లక్షల శంకుకణాలు పగటి వెలుతురులో పనిచేసి, రంగులను తెలుపుతాయి. సుమారు 12 కోట్ల దండకణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి. వాటికి రంగు తెలియదు. దండకణాలలో రొడాప్సిన్ అనే పదార్థమున్నది. వెలుతురు సోకితే అది మారిపోతుంది, చీకటిలో తిరిగి తయారవుతుంది. దీని తయారీకి ఎ విటమిన్ అవసరం. పూర్తిగా కోలుకోవడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. కాని తెల్లని టార్చి ఒక్కసారి కంటిలో పడితే ఆ అరగంట కష్టం క్షణంలో వృథా అవుతుంది.

ఇదంతా దీపం పట్టుకొన్నవాని సంగతి. దూరాన ఉన్న శత్రువు మాటేమిటి? దూరం 100 రెట్లు పెరిగితే వెలుతురు పదివేలవ వంతుకు తగ్గుతుంది. ఇది ధైర్యం చెప్పే లెక్కవలె కనిపిస్తుంది. కాని చీకటికి అలవాటుపడిన కంటి చురుకుదనం లక్ష రెట్ల వరకు పెరుగుతుంది. కనుక సైనికుడు తన అరచేతి దీపం చిన్నదని నమ్మడం పొరపాటు.

ఎర్ర అద్దం: మేలు, కీడు

దండకణాలు 500 నానోమీటర్ల దగ్గరి వెలుతురును బాగా గ్రహిస్తాయి. 650 నానోమీటర్ల ఎరుపును గ్రహించే శక్తి అందులో వెయ్యవ వంతుకన్న తక్కువ. ఈ గుణాన్ని ఉపయోగించుకొని 1916లో విల్‌హెల్మ్ ట్రెండెలెన్‌బర్గ్ ఎక్స్‌రే వైద్యులకు ఎర్ర కళ్ళజోడు రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాత్రి విధులకు పోయే వైమానికులు కూడా అటువంటివి ధరించారు. ఆ తరువాత అమెరికా సైన్యం వాడిన వంపుతల టార్చి అడుగు మూతలో ఎర్రబిళ్ల ఉండేది.

అయితే ఎరుపు మాయతెర కాదు. కాంతి ఎక్కువైతే ఎరుపు కూడా కంటిని చెడగొడుతుంది. దూరం నుండి శత్రువుకూ కనిపిస్తుంది. తెల్లకాగితం, ఎర్రసిరా రెండూ ఎర్రకాంతిని ఒకేవిధంగా తిరిగి పంపుతాయి. కనుక పటంలోని ఎర్రగీతలు మాయమవుతాయి. పైగా రాత్రి దృశ్యాలను చూపే పరికరాలు ఎరుపును, దాని ఆవలి పరారుణ కిరణాలను బాగా గ్రహిస్తాయి. అందుకే ఆ పరికరాలు వాడే విమానాలలో నీలి-ఆకుపచ్చ దీపాలు అమర్చుతున్నారు.

నేడు జేబులో పట్టే ఎల్.ఇ.డి. టార్చి 1,000 ల్యూమెన్లకు మించిన వెలుగునిస్తుంది. పాత బల్బు టార్చి ఇచ్చే వెలుగు దీని ముందు స్వల్పం. బజారులో ఇది గొప్ప సుగుణం. యుద్ధరంగంలో ఒక్క మీట పొరపాటున నొక్కుకొంటే దళం జాడ బయటపడుతుంది. సైనికునికి మంచి దీపమంటే ఎక్కువ వెలిగేది కాదు, అవసరమైనంత మాత్రమే వెలిగేది.

ఈ విషయాన్ని తరగతిలోనే చూపవచ్చు. చీకటి గదిలో ఒక కంటిని అరచేతితో 20 నిమిషాలు పూర్తిగా మూసి ఉంచి, రెండవ కంటితో దీపపు వెలుతురులో పుస్తకం చదవాలి. తరువాత దీపమార్పి, ఒక్కొక్క కంటితో గదిని చూడాలి. మూసి ఉంచిన కంటికి బల్లలు, కిటికీలు కనిపిస్తాయి, రెండవదానికి చీకటే. ఆ రెండవ కంటితో కాపలా కాయడమెంత కష్టమో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.