బడి లెక్కల ఆడిట్: అపోహలు – వాస్తవాలు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాల్లో విద్యాలయ స్థాపన సమష్టి కార్యంగా సాగిన చరిత్ర ఉంది. మాడపాటి హనుమంతరావు చొరవతో 1928లో మొదలైన బాలికల పాఠశాల, 1940లో ఏర్పడిన కేశవ స్మారక విద్యాసమితి అందుకు నిదర్శనాలు. సొసైటీ లేదా ట్రస్టు పేరిట నడిచే బడికి నిర్వాహకులే తప్ప యజమాని ఉండడు కనుక, తల్లిదండ్రులు కట్టిన ఫీజు దేనికి ఖర్చయిందో చెప్పవలసిన బాధ్యత ఆ నిర్వాహకులదే. ఆడిట్ చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు ఈ సంగతిని మరచినందువల్ల పుట్టినవే.

లెక్కలు తయారుచేయడం ఆడిటర్ పని అన్న నమ్మకం బలంగా ఉంది. ఆదాయ వ్యయాల పట్టికను, ఆస్తి అప్పుల పట్టీని సిద్ధం చేయవలసింది కార్యవర్గం. వాటిని పరిశీలించి అభిప్రాయం చెప్పడం వరకే ఆడిటర్ బాధ్యత.

రసీదు పుస్తకాలు భద్రంగా ఉంటే చాలుననుకోవడం ఇంకా ప్రమాదకరం. ఉదాహరణకు, ఎనిమిదో తరగతి హాజరు పట్టీలో 40 పేర్లుండి, ఫీజు రిజిస్టరులో 37 మాత్రమే కనిపిస్తే, మిగిలిన ముగ్గురికి రాయితీ ఇచ్చారా, వారు బకాయి పడ్డారా, లేక వసూలైన సొమ్ము బ్యాంకుకు చేరలేదా అన్నది తేలాలి. రాయితీకి కార్యవర్గ తీర్మానం, బకాయికి పేరువారీ జాబితా, జమకు బ్యాంకు చలానా ఆధారాలవుతాయి. రద్దు చేసిన రసీదు అసలు ప్రతి కూడా పుస్తకంలోనే ఉండాలి. ఈ సరిపోల్చడం నెలనెలా జరగని చోట, ఏడాది చివర గుమస్తా జ్ఞాపకం మీద ఆధారపడవలసి వస్తుంది, అది ఆ గుమస్తాకు కూడా అన్యాయమే. వోచరు ఉన్న ప్రతి ఖర్చూ చెల్లుతుందన్నదీ నిజం కాదు. పన్ను మినహాయింపు పొందే సంస్థ ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, సాధారణంగా ఆ మొత్తాన్ని ఆశయాలకు చేసిన వినియోగంగా లెక్కించరు.

మిగులు కనిపిస్తే మినహాయింపు పోతుందన్న భయంతో కొందరు ఖర్చులు పెంచి చూపుతారు. ఆదాయంలో 85 శాతాన్ని ఆశయాలకు వినియోగించిన సంస్థ మిగతా 15 శాతాన్ని నిల్వ ఉంచుకోవచ్చు. 1994 నాటి జీవో 1 కూడా ఫీజు రాబడిలో యాజమాన్యానికి 5 శాతం పరిమితి పెట్టి, 50 శాతాన్ని సిబ్బంది జీతాలకు, 15 శాతాన్ని బడి అభివృద్ధికి కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ అప్పీలులో సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 19న, విద్య అందిస్తుండగా మిగులు రావడం తప్పు కాదనీ, లాభమే ధ్యేయం కారాదనీ స్పష్టం చేసింది.

పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడ్డ అశోక్‌నగర్ చుట్టుపక్కల బడులకు ఆ తీర్పులోని మరో అంశం ముఖ్యం. పాఠ్యపుస్తకాల అమ్మకం, బస్సు, వసతిగృహం విద్యకు అనుబంధాలే అయినా వాటికి వేరు ఖాతా పుస్తకాలుండాలి. బయటివారు చేరే కోర్సులకు ఇతర సంస్థలకు గదులిచ్చి పొందిన ఆదాయాన్ని మాత్రం విద్యాదాయంగా చూపడం కుదరదు. అటువంటి అద్దెను ఫీజు పద్దులో కలపకుండా, ఒప్పంద పత్రంతో సహా ఆడిటర్ ముందుంచాలి.